చీటీలో రాయని మందు

అరవై దాటిన మనిషి ఆస్పత్రికి బయల్దేరితే ఫైలు ఉన్నా లేకపోయినా మందుల కవరు మాత్రం చేతిలో ఉంటుంది. నిజామాబాద్ వైపు బీడీ తాగే ఒక పెద్దాయన కవరు ఎలా ఉంటుందో ఊహించుకుందాం. షుగరుకు మెట్‌ఫార్మిన్. బీపీకి ఆమ్లోడిపిన్. గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచీ ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్. దమ్ముకు డెరిఫిల్లిన్, ఆయాసం ఎక్కువైతే పీల్చుకోవడానికి ఒక ఇన్‌హేలరు. గ్యాసు గోళీని లెక్కలో వేయనక్కర్లేదు, అది అందరి కవర్లోనూ ఉంటుంది. షుగరు డాక్టరు ఒకరు, గుండె డాక్టరు ఒకరు, దమ్ము ఎక్కువైనప్పుడు ఊళ్ళో చూసే ఆర్ఎంపీ ఒకరు. ముగ్గురూ రాసినవి ఒకే కవర్లో చేరతాయి. బీడీకట్ట మాత్రం చొక్కా జేబులో ఉంటుంది. దాన్ని ఎవరూ మందుల లెక్కలో చూడరు.

చూడాలి. పొగ రోగాలు తెస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. సినిమా మొదలయ్యే ముందు తెర మీద రోజూ చెబుతూనే ఉన్నారు. ఆ రోగాలకు వేసుకునే మందులను కూడా పొగ మారుస్తుందన్న సంగతి మాత్రం మందుల షాపు కౌంటరు దగ్గర కూడా వినిపించదు. కొన్ని మందులు పొగ తాగేవారి ఒంట్లో సగానికి సగం తగ్గిపోతాయి. కొన్ని ఉన్నా పని చేయవు. ఇంకా విచిత్రం ఏమిటంటే, పొగ మానేసిన వారంలోనే కొన్ని మందులు మోతాదు మించి విషమయ్యే పరిస్థితి వస్తుంది. గోళీ మారదు, వేళ మారదు, మారేది ఒళ్ళే.

రెండు, అంతకుమించి దీర్ఘరోగాలు ఒకే మనిషిలో ఉండటం ఇప్పుడు మామూలు విషయం. రోజుకు ఐదు, అంతకుమించి మందులు వేసుకోవడాన్ని వైద్యులు బహుళ ఔషధ వాడకంగా లెక్కిస్తారు. పొగ తాగేవారు ఈ రెండు గీతలనూ త్వరగా దాటుతారు. ఊపిరితిత్తులు పాడయ్యేదీ, రక్తనాళాలు గట్టిపడేదీ ఒకే పొగ వల్ల కాబట్టి రోగాలు విడివిడిగా కాకుండా గుంపుగా వస్తాయి. 2016-17లో దేశమంతటా జరిగిన పొగాకు సర్వే ప్రకారం పెద్దవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్ తాగేవారు 4 శాతం. అంటే మన దేశంలో పొగతో పాటు గోళీలు వేసుకునే మనిషి ఎవరని అడిగితే ముందు గుర్తురావలసింది బీడీ తాగే మనిషే.

పొగ మందులను మారుస్తుందన్న సంగతి స్పష్టంగా బయటపడింది ఒక నొప్పి మాత్ర వల్ల. ఫెనాసెటిన్ అని అప్పట్లో విరివిగా వాడేవారు. మూత్రపిండాలను పాడుచేస్తుందని తర్వాత మార్కెట్ నుంచి తీసేశారు. 1972లో పాంటక్, కుంట్జ్‌మన్, కాన్నీ అనే శాస్త్రవేత్తలు సిగరెట్ తాగేవారికీ తాగనివారికీ ఒకే మోతాదు ఫెనాసెటిన్ ఇచ్చి రక్తం పరీక్షించి, ఫలితాన్ని 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. తాగేవారి రక్తంలో మందు చాలా తక్కువ కనిపించింది. పేగుల నుంచి రక్తంలోకి చేరేలోపే ఒళ్ళు దాన్ని విరిచేస్తోంది. ఇది నికోటిన్ పనేనా? అదే బృందం 1976లో మరో పరీక్ష చేసింది. ఈసారి మనుషులకు సిగరెట్లు ఇవ్వలేదు, నాలుగు రోజులు బొగ్గుల మీద కాల్చిన గొడ్డుమాంసం పెట్టారు. అప్పుడు కూడా ఫెనాసెటిన్ మట్టం పడిపోయింది. మాంసంలో నికోటిన్ ఎక్కడిది? సిగరెట్ పొగలోనూ, బొగ్గుల మీద మాడిన కొవ్వులోనూ ఉమ్మడిగా ఉండేవి పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు. ఏ ఆకును, ఏ కొవ్వును అరకొరగా కాల్చినా పుట్టే మసి పదార్థాలు. పొగాకు కన్నా దాన్ని కాల్చడమే ఇక్కడ ముఖ్యం.

ఈ మసి పదార్థాలు కాలేయ కణంలోకి వెళ్ళి ఏహెచ్ రిసెప్టర్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటాయి. ఆ జంట కణకేంద్రకంలోకి చేరి కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది. వాటిలో ఒకటి సీవైపీ1ఏ2 అనే ఎంజైమును తయారుచేసే జన్యువు. ఒంట్లోకి వచ్చిన పరాయి పదార్థాలను విరగ్గొట్టి బయటికి పంపడం ఈ ఎంజైము పని. పొగ రోజూ వస్తుంటే కాలేయం దాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. కోతల కాలంలో రైతు ఎక్కువమంది కూలీలను పెట్టుకున్నట్టే. వచ్చిన కూలీలు ఒక్క మడికే పరిమితం కారు, పక్క మడి కూడా కోసేస్తారు. ఆ పక్క మడే మనం వేసుకున్న గోళీ.

ఇందులో రెండు లెక్కలు గుర్తుంచుకోదగ్గవి. మొదటిది, ఎంజైము పూర్తి స్థాయికి చేరడానికి పెట్టెల కొద్దీ సిగరెట్లు అక్కర్లేదు, రోజుకు పది పన్నెండు చాలు. కాబట్టి "ఇరవై నుంచి పదికి తగ్గించాను" అన్న మనిషి కాలేయం దాదాపు పాత వేగంతోనే పనిచేస్తుంటుంది. రెండోది, పొగ పూర్తిగా ఆపితే ఎంజైము ఎంత త్వరగా తగ్గుతుందన్నది. జర్మనీలోని కొలోన్ పరిశోధకులు 2004లో దీన్ని కొలిచారు. ఎక్కువగా సిగరెట్లు తాగేవారి చేత మాన్పించి, కాఫీలోని కెఫీన్‌ను కొలబద్దగా పెట్టుకుని చూస్తే, పెరిగిన ఎంజైము సుమారు 39 గంటలకొకసారి సగమవుతూ వచ్చింది. వారం తిరిగేసరికి ఆ మనిషి కాలేయం పొగ తాగని మనిషి కాలేయంలా నడుస్తుంది. వేసుకునే మోతాదు మాత్రం పొగ తాగేనాటిదే.

ఈ పరీక్షల్లో ఎక్కువ భాగం సిగరెట్ తాగేవారి మీదే జరిగాయి. అయితే తునికాకులో చుట్టిన బీడీకి ఫిల్టరు లేదు. ఆరిపోకుండా ఉండాలంటే గుక్క మీద గుక్క లాగాలి. దాని పొగలోనూ ఈ హైడ్రోకార్బన్లు ఉన్నాయి.

ఇప్పుడు కవర్లోని డెరిఫిల్లిన్ బయటికి తీద్దాం. మన ఊళ్ళలో దమ్ము, ఆయాసం అంటే ఈ పేరు తెలియనివారు తక్కువ. ఆర్ఎంపీ సంచీలో దీని ఇంజెక్షన్ ఎప్పుడూ ఉంటుంది. ఇందులో ఎటోఫిలిన్, థియోఫిలిన్ అనే రెండు మందులు కలిసి ఉంటాయి. థియోఫిలిన్ టీ ఆకులో సహజంగానే కొద్దిగా ఉంటుంది. 1888లో ఆల్బ్రెక్ట్ కోసెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని టీ ఆకు నుంచే వేరు చేశాడు. ఊపిరి గొట్టాలను వదులు చేసే ఈ మందుతో ఒక పాత చిక్కు ఉంది. పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇరవై దాటితే వాంతులు, చేతుల వణుకు, గుండె దడ మొదలవుతాయి. ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి.

థియోఫిలిన్‌ను విరిచే ప్రధాన ఎంజైము సీవైపీ1ఏ2. పొగ తాగని పెద్దవారిలో ఈ మందు సగం తగ్గడానికి ఎనిమిది గంటలు పడితే, తాగేవారిలో నాలుగైదు గంటలు చాలు. అందుకే బీడీ తాగే మనిషి "గోళీ వేసుకున్నా రాత్రికి మళ్ళీ దమ్ము లేస్తోంది" అంటాడు. డాక్టరు మోతాదు పెంచుతాడు. అందులో తప్పేమీ లేదు, తాగినంత కాలం.

ఆ మనిషికి న్యుమోనియా వచ్చిందనుకుందాం. జ్వరంతో, ఊపిరాడక ఆస్పత్రిలో చేరాడు. లోపల బీడీ తాగనివ్వరు, తాగే ఓపిక కూడా లేదు. పొగ ఆగింది, ఎంజైము తగ్గుతోంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఒళ్ళే ఈ ఎంజైమును అణచిపెడుతుంది, అది రెండో దెబ్బ. ఇన్ఫెక్షన్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ మొదలుపెట్టారు. అది సీవైపీ1ఏ2 పనిని నేరుగా అడ్డుకునే మందు, అది మూడోది. గుండె బలహీనపడి కాలేయంలో రక్తం నిలిస్తే అది నాలుగోది. థియోఫిలిన్ మాత్రం ఇంట్లో వేసుకున్న మోతాదులోనే పడుతోంది, ఒక్కోసారి సెలైన్‌లో ఇంకొంచెం కలుస్తోంది కూడా. నాలుగో రోజుకు వాంతులు, చేతుల వణుకు, నాడి నిమిషానికి 120. చూసేవారికి ఇది జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది. లేదా నెబులైజర్‌లో పెట్టిన సాల్బుటమాల్ వల్ల అనిపిస్తుంది, ఎందుకంటే అది కూడా చేతులు వణికిస్తుంది, గుండె దడ పెంచుతుంది. బీడీ ఆగడమే సగం కారణమని తోచాలంటే, బీడీ తాగేవాడని కేస్‌షీట్‌లో ఎవరో రాసి ఉండాలి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు బదులు అజిత్రోమైసిన్ రాసి ఉంటే ఆ మూడో దెబ్బ తప్పేది, అది ఈ ఎంజైము జోలికి అంతగా పోదు. వారం పాటు పొగ ఆపినవారికి థియోఫిలిన్ మోతాదు పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గించమని బ్రిటన్ ఫార్మసిస్టుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తంలో మందు మట్టం చూడగలిగితే ఇంకా మంచిది. మన జిల్లా ఆస్పత్రుల్లో ఆ పరీక్ష సులువుగా అందేది కాదు కాబట్టి, అడిగి తెలుసుకోవడం ఇక్కడ మరీ అవసరం.

నా ఉద్దేశంలో థియోఫిలిన్‌కు మన దగ్గర ఉన్న ఆదరణ దాని గుణానికి మించినది. చవక, గోళీ రూపంలో దొరుకుతుంది, ఇన్‌హేలర్ అంటే "అలవాటైపోతుంది" అన్న భయం ఇంకా పోలేదు, అందుకే నడుస్తోంది. ఇన్‌హేలరులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది. అలవాటు భయం పెట్టుకోవాలంటే జేబులో ఉన్నదాని గురించి పెట్టుకోవాలి.

ఇన్‌హేలర్ విషయంలోనూ పొగ ఊరుకోదు, కాకపోతే దారి వేరు. ఉబ్బసం ఉన్నవారికి ప్రాణాధారమైన మందు పీల్చే స్టెరాయిడ్. స్కాట్లండ్‌లోని గ్లాస్గో పరిశోధకులు 2002, 2003లలో ఉబ్బసం ఉండి పొగ తాగేవారికీ తాగనివారికీ స్టెరాయిడ్లు ఇచ్చి పోల్చారు. తాగనివారి ఊపిరి మెరుగుపడింది, తాగేవారికి చెప్పుకోదగ్గ లాభం లేదు. నోటి ద్వారా ఎక్కువ మోతాదు ఇచ్చినా అంతే. మందు ఒంట్లో ఉంది, చేరవలసిన కణానికి చేరింది కూడా. స్టెరాయిడ్ తన పని చేయాలంటే కణంలో హెచ్‌డీఏసీ2 అనే ఎంజైము సాయం కావాలి, వాపు పుట్టించే జన్యువులను మూసేది అదే. పొగలోని ఆక్సీకరణ పదార్థాలు దాన్ని దెబ్బతీస్తాయని లండన్‌లో పీటర్ బార్న్స్ బృందం చూపించింది. క్రిములను మింగే తెల్లకణాలు రోజూ పొగలో తడుస్తుంటే స్టెరాయిడ్ మాట వినవు.

ఇక్కడ కథ మళ్ళీ థియోఫిలిన్ దగ్గరికి వస్తుంది. ఆ హెచ్‌డీఏసీ2ను కొద్దిపాటి థియోఫిలిన్ తిరిగి నిలబెట్టగలదని ప్రయోగశాలలో కనిపించింది. అలాగైతే స్టెరాయిడ్‌తో పాటు తక్కువ మోతాదు థియోఫిలిన్ ఇస్తే పొగ వల్ల ఊపిరితిత్తులు చెడినవారికి, అంటే సీఓపీడీ రోగులకు, మేలు జరగాలి. ఎంత అందమైన ఊహ! బ్రిటన్‌లో 1,500 మందికి పైగా సీఓపీడీ రోగుల మీద ఏడాది పాటు పరీక్షించి 2018లో ఫలితం చెప్పారు. జబ్బు తిరగబెట్టడం ఏమాత్రం తగ్గలేదు. పరీక్షనాళికలో గెలిచిన మందు మనిషిలో ఓడిపోవడం కొత్త కాదు గాని, ఈ ఓటమి వల్ల ఒక సంగతి తేలింది. పొగ చెడగొట్టినదాన్ని మరో గోళీతో సరిచేసుకోవచ్చన్న ఆశకు ఇంతవరకు ఆధారం దొరకలేదు.

మానసిక వైద్యంలో ఈ చిక్కు ఇంకా పదునుగా కనిపిస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో పొగ తాగేవారి నిష్పత్తి మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు చివరి ఆధారం క్లోజపిన్. అది కూడా సీవైపీ1ఏ2 చేతిలోనే విరుగుతుంది. తాగేవారి రక్తంలో దాని మట్టం తాగనివారిలో ఉండే దానికి సగం దాకా పడిపోవచ్చు. దానికి తగ్గట్టు మోతాదు పెంచి కుదురుకున్న మనిషి హఠాత్తుగా పొగ మానేస్తే మట్టం వారం పది రోజుల్లో ఎగబాకుతుంది. విపరీతమైన మత్తు, చొంగ కారడం, బీపీ పడిపోవడం, ఫిట్స్ దాకా వెళ్ళవచ్చు. ఇంగ్లండ్‌లో 2008లో మానసిక ఆస్పత్రుల్లో కూడా లోపల పొగ తాగడం నిషేధించినప్పుడు డాక్టర్లు ఈ సమస్యను ఒక్కసారిగా ఎదుర్కోవలసి వచ్చింది. 2020లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ మరోసారి హెచ్చరిక జారీ చేసింది. అక్కడి మానసిక వైద్యులు చేతిపుస్తకంగా వాడే మాడ్‌స్లీ మార్గదర్శకాలు ఈ పనిని మెట్లుగా రాశాయి. మానే ముందు రక్తంలో మందు మట్టం చూడాలి, వారం రోజుల్లో మోతాదును పావు వంతు తగ్గించాలి, తర్వాత మళ్ళీ చూడాలి. ఆ రోగి ఇంటికెళ్ళి మళ్ళీ మొదలుపెడితే ఇదంతా తిరగేసి చేయాలి. అదే ఎంజైము విరిచే ఒలాంజపిన్‌కూ ఇలాంటి జాగ్రత్తే అవసరం.

కాఫీ సంగతి కూడా ఇదే తోవలో ఉంది. కెఫీన్‌ను విరిచేది కూడా ఈ ఎంజైమే కాబట్టి పొగ తాగేవారికి కాఫీ త్వరగా దిగిపోతుంది. పొగ మానేసి, కాఫీ మాత్రం మామూలుగా తాగుతుంటే రక్తంలో కెఫీన్ రెట్టింపు అవుతుంది. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, చిరాకు, గుండె దడ. ఇవన్నీ నికోటిన్ దొరక్క వచ్చే లక్షణాల్లాగే ఉంటాయి. "మానేస్తే ఒళ్ళు తట్టుకోలేకపోతోంది" అని మూడో రోజున మళ్ళీ దుకాణం దగ్గర నిలబడ్డవారిలో కొందరిది కాఫీ ఇబ్బంది అయి ఉండవచ్చు. మానేసిన రోజు నుంచే కాఫీ సగానికి తగ్గించమని చెప్పడానికి డాక్టరుకు పది సెకన్లు చాలు.

కవర్లోని అన్ని మందులనూ పొగ ఇలా పట్టుకోదు, ఇది కూడా అంతే గట్టిగా చెప్పాలి. మెట్‌ఫార్మిన్‌ను కాలేయం విరవదు, అది మూత్రంలో యథాతథంగా బయటికి పోతుంది. ఆమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్‌లను విరిచేది వేరే ఎంజైము. వీటి మట్టాలు బీడీ వల్ల చెప్పుకోదగ్గట్టు మారవు. ఇన్సులిన్‌ది మరో తీరు. నికోటిన్ చర్మం కింది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి పొడిచిన చోటి నుంచి ఇన్సులిన్ నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది. దానికి తోడు పొగ వల్ల కణాలు ఇన్సులిన్‌ను లెక్కచేయడం తగ్గిస్తాయి. మానేసినవారికి అదే మోతాదు ఒక్కోసారి ఎక్కువై షుగరు పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే నికోటిన్ కోరిక అనుకుని ఊరుకోకుండా గ్లూకోమీటరు తీయాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌ను పొగ కొంచెం తగ్గిస్తుంది. మానేశాక, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ఒకసారి ముందుగా చేయించుకుంటే సరిపోతుంది.

బీపీ మందుల్లో ఒక పాత ఉదాహరణ ఇంకా చెప్పుకోదగ్గది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 17,354 మంది బీపీ రోగుల మీద జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు 1985లో వచ్చాయి. కొందరికి ప్రొప్రనలాల్, కొందరికి మూత్రం జారీ చేసే మందు, మిగిలినవారికి ఉత్తుత్తి గోళీ ఇచ్చారు. మూత్రం మందు, పొగ తాగేవారిలోనూ తాగనివారిలోనూ పక్షవాతాన్ని తగ్గించింది. ప్రొప్రనలాల్, పొగ తాగనివారిలో మాత్రమే తగ్గించింది. ఒకే రోగం, ఒకే మందు, రెండు ఫలితాలు.

గుండె మందుల్లో మాత్రం ఒక తిరకాసు ఉంది. స్టెంటు వేశాక వాడే క్లోపిడోగ్రెల్ ఒంట్లోకి వెళ్ళాకే పనిచేసే రూపంలోకి మారుతుంది. ఆ మార్పులో సీవైపీ1ఏ2కూ కొంత పాత్ర ఉంది. కాబట్టి పొగ తాగేవారిలో ఈ మందు ఇంకా బాగా పనిచేస్తున్నట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. దీనికి పొగతాగేవారి వైరుధ్యమని పేరు కూడా పెట్టారు. నిజంగా మందు ప్రభావమేనా, లేక గుండెపోటు వచ్చిన పొగరాయుళ్ళు మిగతావారికన్నా చిన్న వయసువారు కావడం వల్ల అలా కనిపించిందా అన్న వాదన ఇంకా తెగలేదు. ఏదైనా, అసలు ఆ స్టెంటు ఎందుకు పడిందో మరిచిపోతేనే ఇది బీడీకి అనుకూలంగా వినిపిస్తుంది.

మందు పనిచేయాలంటే ముందు దాన్ని వేసుకోవాలి. పొగ తాగేవారు గుండె మందులు, కొలెస్ట్రాల్ మందులు మధ్యలో ఆపేయడం ఎక్కువని చాలా దేశాల పరిశోధనల్లో తేలింది. దీన్ని నిర్లక్ష్యం అని కొట్టిపారేయడం సులువు. ఏడు గోళీల మనిషికి ఏ గోళీ దేనికో తెలియకపోతే, డబ్బు తక్కువైన నెలలో ఏది ఆపాలో ఆయనే నిర్ణయించుకుంటాడు. వెంటనే ఆయాసం తగ్గించేది ఉంచుకుంటాడు, ఏమీ చేస్తున్నట్టు అనిపించని కొలెస్ట్రాల్ గోళీ ఆపేస్తాడు. పొగ తాగేవారికి ఇంకో అడ్డంకి కూడా ఉంది, సిగ్గు. ప్రతిసారీ తిట్లు తినవలసి వస్తుందని డాక్టరు దగ్గరికి వెళ్ళడమే వాయిదా వేస్తారు. వెళ్ళినా సంభాషణ ఇలా నడుస్తుంది.

"బీడీలు తాగుతవా పెద్దాయనా?"

"బంద్ చేసిన సారూ."

"ఎప్పుడు?"

"నిన్ననే."

గదిలో అందరూ నవ్వుతారు. కాని పైన చెప్పిన 39 గంటల లెక్క తెలిసినవారికి ఇందులో నవ్వవలసిందేమీ లేదు. నిన్న మానేశాడంటే ఎంజైము ఇవాళ దిగుతోందన్నమాట. పదేళ్ళ కిందట మానేసినవాడి కన్నా, రోజూ తాగుతున్నవాడి కన్నా, ఈ వారం మోతాదు చూసుకోవలసింది నిన్న మానేసినవాడికే. "తాగుతారా, లేదా" అన్న ప్రశ్నకు అవును, కాదు అని గళ్ళు పెట్టిన ఫారాల్లో ఈ "నిన్న"కు చోటు లేదు. ఆ మాట నిజం కాదేమో అనిపిస్తే ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే చిన్న పరికరం ఉంది. అది ఇటీవల తాగిన పొగను చూపిస్తుంది. తప్పు పట్టుకోవడానికి కాకుండా మోతాదు సరిచూడటానికి వాడితేనే ఆ పరికరానికి అర్థం.

ఆడవారిని అసలు అడగరు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్టను వెలిగించిన కొసను నోట్లోపలికి పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉంది, అందులో ఎక్కువమంది స్త్రీలే. విశాఖపట్నం వైద్యులు ఆ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లలోనే ప్రపంచానికి చెప్పారు. ఆ ముసలమ్మకు ఇవాళ బీపీ, షుగరు, ఆయాసం ఉంటే 104 బండి దగ్గరో, పీహెచ్‌సీలోనో గోళీలు ఇస్తారు. "చుట్ట తాగుతావా అమ్మా?" అని అడగడానికి ఇచ్చేవారికి మొహమాటం.

ఇంత చదివాక, మానడమే ప్రమాదమేమో అనిపిస్తే అది పొరపాటు. రిచర్డ్ డాల్ బృందం బ్రిటన్ డాక్టర్లను యాభై ఏళ్ళు వెంబడించి 2004లో లెక్క తేల్చింది. జీవితాంతం సిగరెట్ తాగినవారు సగటున పదేళ్ళు ముందు చనిపోయారు. అరవై ఏళ్ళకు మానినవారికి కూడా మూడేళ్ళు తిరిగి దక్కాయి, యాభైకి మానితే ఆరు. మందుల మోతాదు సరిచేసుకోవడం వారం రెండు వారాల పని. అవతలి పక్కన ఏళ్ళున్నాయి. షుగరు ఉన్నవారు మాత్రం ఒకటి ముందే తెలుసుకోవాలి. మానిన ఏడాదిలో బరువు సగటున నాలుగైదు కిలోలు పెరుగుతుంది, దాంతో షుగరు కొన్నాళ్ళు అదుపు తప్పవచ్చు. "బీడీ మానేశాకే షుగరు పెరిగింది" అన్న మాట అబద్ధం కాదు. అయితే బరువు పెరిగినా సరే, మానినవారిలో మరణాల తగ్గుదల చెక్కుచెదరలేదని 2018లో అమెరికాలో వచ్చిన పెద్ద పరిశోధన చూపించింది.

మానడానికి వాడే మందులు కూడా అదే కవర్లోకి వస్తాయి కాబట్టి వాటినీ అలాగే చూడాలి. నికోటిన్ గమ్‌కు ఎంజైముతో గొడవ లేదు. అది మసి లేని నికోటిన్, అందుకే గమ్ నములుతున్నా బీడీ ఆపిన రోజు నుంచే సీవైపీ1ఏ2 దిగడం మొదలవుతుంది. దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు. కాస్త నమిలి కారం తగలగానే బుగ్గన పెట్టుకోవాలి, తమలపాకు అలవాటున్నవారికి ఇది వేరే నేర్పక్కర్లేదు. నమలబోయే ముందు కాఫీ తాగితే నికోటిన్ నోట్లో సరిగా ఇంకదు. వరెనిక్లిన్ దాదాపు అంతా మూత్రంలోనే పోతుంది కాబట్టి మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న షుగరు రోగికి మోతాదు తగ్గించాలి. దీనివల్ల మనసు చెదురుతుందన్న భయం చాలాకాలం ఉండేది. 16 దేశాల్లో 8,144 మంది మీద, అందులో సగం మంది మానసిక సమస్యలున్నవారి మీద పరీక్షించి 2016లో చెప్పిన ఫలితం ఆ భయాన్ని చాలావరకు తీర్చింది. బ్యుప్రోపియాన్‌తో ఎక్కువ జాగ్రత్త కావాలి. అది మరో ఎంజైమును అడ్డుకుని గుండెకు వాడే మెటోప్రొలాల్ మట్టాన్ని పెంచుతుంది, నాడి బాగా తగ్గిపోవచ్చు. ఫిట్స్ వచ్చే అవకాశాన్ని కూడా కొంత పెంచుతుంది. థియోఫిలిన్ ఎక్కువైన మనిషికి అదే రాస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్, హిందీలు రానివారు కూడా తమ భాషలో సలహా అడగడానికి జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది.

బీడీ మానేసి ఖైనీకో, గుట్కాకో మారినవారు తాము ఏదీ మానలేదనే అనుకుంటారు. క్యాన్సర్ విషయంలో, గుండె విషయంలో అది నిజమే. కాలేయం మాత్రం కాల్చని పొగాకును పొగగా లెక్కించదు. ఎంజైము వారంలో దిగిపోతుంది, డెరిఫిల్లిన్ మోతాదు ఎక్కువవుతుంది. దీనికి తిరగేసిన కథ ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళినవారిది. పొగ లేని వార్డులో పది రోజులుండి, అక్కడికి సరిపోయే మోతాదు చీటీ మీద రాయించుకుని వెళ్ళిన మనిషి, బస్టాండులో బీడీ ముట్టిస్తే కొద్ది రోజుల్లో మందు చాలకుండా పోతుంది. దమ్ము మళ్ళీ లేస్తుంది. ఆ మనిషి తిరిగొచ్చి "మీ గోళీలు పనిచేస్తలేవు" అంటే, వెంటనే మందు మార్చకుండా మొదట అడగవలసింది బీడీ సంగతే. డిశ్చార్జి చీటీలో మందుల పేర్ల కింద "పొగ: ఆపి పది రోజులైంది, మళ్ళీ మొదలుపెడితే మోతాదు చూడాలి" అని ఒక వరుస రాయడానికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు, చీటీలో ఆ చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.